పెరటి కంచెకు తంగేడు



వంగతోట విరగబూసి కూడా పిందె సరిగా పడకపోతే మనం ఎరువును తలుచుకుంటాము, తెగులును తలుచుకుంటాము. తలుచుకోవలసినది ఇంకొకటి ఉన్నది. అది పూవు మీద వాలే నల్ల తుమ్మెద. దానిని పెరట్లో నిలుపుకోవడానికి ఖర్చులేని ఉపాయం తంగేడు.

పిచ్చిమొక్కను పెరట్లో పెంచడమేమిటని పెద్దలు నవ్వవచ్చును. చెలక గట్ల మీద, రాళ్ల దిబ్బల్లో దానంతట అదే పెరిగే మొక్క కదా! నిజమే. కాని ఇప్పుడు చాలాచోట్ల గట్లు దున్నేసినారు, మిగిలినవాటికి కలుపుమందు కొడుతున్నారు. తంగేడు ఊరికి దూరమైతే తుమ్మెదకు ఊళ్లో మేత తగ్గుతుంది.

తంగేడు అప్పుడప్పుడు పూసినా, వానలు వెనుకబట్టే భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో ముమ్మరంగా పూస్తుంది. అందుకే బతుకమ్మలో దానికి పెద్దపీట. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా కూడా దానినే ఎంచుకున్నారు.

ఈ పూవులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. అదీ బయటికి కనబడదు. కేసరాల కొనలకు సన్నని రంధ్రాలు ఉంటాయి. చిల్లుమూత డబ్బాలో పొడి వలె పుప్పొడి లోపల ఉంటుంది. తుమ్మెద పూవును కాళ్లతో పట్టుకుని, రెక్కల కండరాలను ఝుమ్మని అదిలిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి జలజలా రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. అది రాలినదాన్ని ఏరుకుంటుంది.

వంగ, టమాటా పూలలోనూ పుప్పొడి ఇటువంటి రంధ్రాలగుండానే రావలెను. గాలికి కొంత రాలుతుంది, తుమ్మెద అదిలిస్తే బాగా రాలుతుంది. కంది పూతకూ తుమ్మెదలు వస్తాయి. అయితే రాలిన పూతంతా తుమ్మెద లేకనే అనుకోరాదు. వంగలో కీలం పొట్టిగా ఉన్న పూలు సహజంగానే రాలిపోతాయి.

ఇక నాటే పద్ధతి వినండి. ముదిరి ఎండిన కాయలనుండి గింజలు తీసి పెట్టుకోవలెను. గింజ తొక్క గట్టిది. ఇసుక కలిపి గోనెపట్టా మీద బాగా రుద్ది, రాత్రంతా నీళ్లలో నానవేయండి. తొలకరి పడగానే కంచె వెంబడి మూరెడు దూరాన ఒక్కొక్క చోట రెండు మూడు గింజలు, అంగుళం లోపు లోతున వేయండి. నీరు నిలిచే చోటు పనికిరాదు. మొదటి ఏడు కలుపు తీస్తే చాలును, పూతకు తొందరపడవద్దు.

కత్తిరింపు పూత అయిపోయాకనే. వరుస అంతా ఒక్కసారి నరకక, ఈ ఏడు సగం, పై ఏడు సగం చేయండి. ఆ రొట్ట పచ్చిరొట్ట ఎరువుగా పనికివస్తుంది. పండుగకు పూలు కోసినా ప్రతి మొక్కకు నాలుగు కొమ్మలు వదలండి. ఆకు మీద పచ్చని గొంగళి కనిపిస్తే మందు చల్లకండి. తంగేటి మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల కావచ్చును, అది వంగ జోలికి రాదు.

ఒక్క తంగేడే చాలదు. అందులో తేనె లేదని చెప్పుకున్నాము కదా. తేనె కొరకు పక్కన నాలుగు తులసి మొక్కలు పెట్టండి. తుమ్మెద గూడు కొరకు ఎండిన వెదురుబొంగులు కొన్ని నీడపట్టున కట్టి ఉంచండి. వంగకు మందు కొట్టక తప్పకపోతే, తుమ్మెదలు తిరిగే పగటిపూట మాని సాయంత్రం పొద్దుగూకాక కొట్టండి.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. ఊరికి ఒక్క కంచెనైనా ఇట్లా పెంచి, పూత వేళ పదిమందిని పిలిచి తుమ్మెద పని కళ్లారా చూపండి. నూరు మాటలు చెప్పేది ఆ ఝుంకారం ఒక్కటే చెబుతుంది.

పిడికెడు గింజలకు ఖర్చేముంది? ఈ తొలకరికి మీ కంచె వెంబడి వేయండి.