ఆరుబయట చిత్రీకరణ: వెలుగు, మాట

ధర్మపురి జిల్లాలో ఆరుబయట సినిమా తీయాలంటే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది హొగెనకల్. కావేరి బండల మధ్య పాయలుగా చీలి దూకే ఈ చోటుకు పేరు కన్నడం నుంచి వచ్చింది. 'హొగె' అంటే పొగ, 'కల్' అంటే రాయి. తెలుగులో పాలు కన్నడంలో హాలు అయినట్టే, మన పొగ అక్కడ హొగె అయింది. 1992లో వచ్చిన మణిరత్నం చిత్రం 'రోజా'లో చిన్ని ఆశల పాట కొంత ఇక్కడే తీశారు.

అక్కడ పాట తీయడం వేరు, మాట తీయడం వేరు. పాట ముందే స్టూడియోలో రికార్డయి ఉంటుంది. నటి పెదవులు కదిపితే చాలు. జలపాతం హోరు ఎంత ఉన్నా ఇబ్బంది లేదు. అదే బండ మీద తాతను, మనవరాలిని కూర్చోబెట్టి మాట్లాడిస్తే వారి మాట మనకు దక్కదు. విద్యార్థులు స్థలాన్ని కంటితో ఎన్నుకుంటారు. చెవితో కూడా ఎన్నుకోవాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దక్షిణాది సినిమా స్టూడియో గోడలు దాటి పల్లెకు రావడంలో 1977 నాటి భారతిరాజా తమిళ చిత్రం '16 వయతినిలే' ఒక మలుపు. మరుసటి ఏడే కె. రాఘవేంద్రరావు దానిని 'పదహారేళ్ళ వయసు'గా తెలుగులో తీశారు. అయితే బొమ్మ పల్లెకు వచ్చినా, మాట చాలాకాలం డబ్బింగు గదిలోనే ఉండిపోయింది. 2001లో విడుదలైన 'లగాన్'కు కచ్ ప్రాంతంలో చిత్రీకరణ జరిగిన చోటే సంభాషణలను రికార్డు చేసినప్పుడు, అదొక విశేషంగా చెప్పుకున్నారు.

విద్యార్థులకు డబ్బింగు ఖర్చుతో కూడిన పని. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. అనుభవం ఉన్న నటుడు తన పెదవుల కదలికకు అతికేలా మళ్ళీ మాట్లాడగలడు. మన ఊరి అవ్వ అలా మాట్లాడలేదు. ఆమె బదులు పట్నం గొంతు పెడితే, ఏ పలుకుబడి కోసం ఆ ఊరు వెళ్ళామో అదే పోతుంది.

కాబట్టి స్థలం చూడటానికి వెళ్ళినప్పుడు, చిత్రీకరణ జరపబోయే వేళకే వెళ్ళి, కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు వినండి. ధర్మపురి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి లారీల మోత, బోరు మోటార్లు, గుడి మైకులు అన్నీ అప్పుడు తెలుస్తాయి. తమిళుల ఆడి మాసంలో, అంటే జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు, ఊళ్ళలో మైకుల హడావుడి ఎక్కువ. ఆ నెల పద్ధెనిమిదో నాడు హొగెనకల్‌లో పెద్ద జాతర. జలపాతాన్ని దూరం నుంచి బొమ్మగా తీసుకుని, సంభాషణను హోరు వినబడని చింతతోపులోనో మామిడితోటలోనో తీసుకోవచ్చు. రెంటినీ ఎడిటింగులో కలిపితే చూసేవారికి అదంతా ఒకే చోటు.

మైకు విషయంలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే: దగ్గర. ఆరుబయట దూరం రెట్టింపయితే మైకును చేరే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. కెమెరా పది అడుగుల దూరంలో ఉన్నా మైకు మనిషి దగ్గరే ఉండాలి. వేరే మైకు లేకపోతే, రికార్డు చేస్తున్న సెల్‌ఫోనును చొక్కా జేబులో పెట్టినా మేలే. ప్రతి షాటు మొదట్లో కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చేతులు కలిసిన బొమ్మను, ఆ చప్పుడును జత చేస్తే మాట పెదవులకు సరిపోతుంది. చివర అందరూ మౌనంగా నిలబడి, ఆ చోటి ఉత్త గాలి చప్పుడును ఒక నిమిషం రికార్డు చేసుకోండి. మాటల మధ్య అతుకులు కప్పడానికి అది పనికివస్తుంది.

ఇక వెలుగు. ధర్మపురి సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ మూడో వారం దాటాక ఒకసారి, ఆగస్టు మూడో వారం ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కనుగుంటలు నల్లబడి ముఖంలో భావం కనబడదు. ముఖాలు కనబడవలసిన సన్నివేశాలను ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తరువాత పెట్టుకోవాలి. మధ్యాహ్నం తప్పనిసరైతే చెట్టు నీడకు మారి, తెల్ల పంచెనో థర్మోకోల్ అట్టనో పట్టి వెలుగును ముఖం మీదికి మళ్ళించాలి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. అందుచేత ఒకే దిక్కుకు చూసే షాట్లన్నీ వరుసగా తీసేస్తే నీడలు తేడా రావు. మాటల సన్నివేశానికి పొద్దుటి వేళ వెలుగుకూ మంచిదే, నిశ్శబ్దానికీ మంచిదే.

అనుమతులు ముందే తీసుకోవాలి. ఈ ప్రాంతంలో 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. ఇవి ఏనుగులు తిరిగే అడవులు. అభయారణ్యంలో చిత్రీకరణకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. కర్ణాటక జలాశయాల నుంచి నీరు ఎక్కువగా వదిలినప్పుడు హొగెనకల్‌లో పుట్టి ప్రయాణాలను, స్నానాలను అధికారులు ఆపివేస్తారు. వానకాలంలో పుట్టి సన్నివేశం రాసుకున్నవారు బదులు సన్నివేశం కూడా రాసుకుని వెళ్ళాలి.

చివరిగా మాట. 1965లో సేలం నుంచి విడివడిన ధర్మపురి జిల్లాలో, 2004లో వేరైన కృష్ణగిరి, హొసూరు ప్రాంతాలూ ఉండేవి. ఈ నేల మీద తెలుగు తరతరాలుగా తమిళం, కన్నడంతో కలిసి బతుకుతున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడింది. ఆ సేకరణ ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలది. ఎల్లకు ఇవతలి సేద్యగాళ్ళ పలుకు అందులో చేరలేదు. కనుక సంభాషణను పుస్తక భాషలో రాసి వల్లె వేయించకండి. సందర్భం చెప్పి, "మీ ఇంట్లో అయితే దీన్ని ఎట్లా అంటారు?" అని అడగండి. వారన్న మాటనే ఉంచండి, అందులో తమిళపదం ఉన్నా సరే.

సినిమా పూర్తయ్యాక ఎడిటింగులో తీసేసిన శబ్దాన్ని చెరిపివేయకండి. మాట్లాడినవారి సమ్మతితో ఊరు, తేదీ, వారి వయసు, వృత్తి రాసి భద్రపరచండి. పది నిమిషాల సినిమా కోసం రికార్డు చేసిన మూడు గంటల మాటలో, ఏ నిఘంటువుకూ ఎక్కని పదాలు కొన్ని ఉండి ఉండవచ్చు.