డ్రైకి ఎన్ని వ్యతిరేకాలు?

హాట్–కోల్డ్, డ్రై–వెట్, ఓల్డ్–న్యూ. ఇంగ్లీషు పాఠంలో ‘ఆపోజిట్స్’ ఇలా జంటలుగా బట్టీ పడతారు. వీటిలో తప్పేమీ లేదు గాని, వాక్యంలోకి వచ్చేసరికి ఇవి సగం చోట్ల పనికిరావు. మాట ఏ అర్థంలో వచ్చిందో తేలాకే దాని వ్యతిరేకం తేలుతుంది. ముసలాయనకు ఎదురు యంగ్, పాత చొక్కాకు ఎదురు న్యూ. ఓల్డ్ మాత్రం ఒక్కటే.

దర్శి చుట్టుపక్కల మిరప కల్లాల్లో ఇందుకు మంచి ఉదాహరణ దొరుకుతుంది. ఎండబెట్టిన కాయలు డ్రై చిల్లీస్. వాటికి ఎదురు వెట్ చిల్లీస్ అంటే తడిసిన కాయలని అర్థం వస్తుంది. ఆ సరుకు యార్డుకు పోతే ధర పడిపోతుంది. అసలు జోడీ ఫ్రెష్ లేదా గ్రీన్ చిల్లీస్, అంటే పచ్చిమిర్చి. పొలం దగ్గర మళ్లీ లెక్క మారుతుంది. డ్రై ల్యాండ్ అంటే మెట్ట, దానికి ఎదురు వెట్ ల్యాండ్, మాగాణి. మద్రాసు రాజధాని నాటి రెవెన్యూ రికార్డుల్లో స్థిరపడిన జంట ఇది. అదే వెట్‌ల్యాండ్ అని కలిపి రాస్తే కొల్లేరు లాంటి చిత్తడి నేల అవుతుంది.

హాట్ సంగతీ అంతే. టీ విషయంలో కోల్డ్, మిరప విషయంలో మైల్డ్. ఇక్కడ తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. వేడి, కారం మన దగ్గర వేర్వేరు మాటలు కాబట్టి చల్లన ఏదో, చప్పన ఏదో ముందే తెలిసిపోతుంది. ఇంగ్లీషు మాటను ముందు తెలుగులో అనుకుని, అక్కడ ఎదురుమాట పట్టుకుని, తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లడం చాలాసార్లు దగ్గరి దారి.

అన్నిసార్లూ కాదు. అప్పు ఇచ్చినా పుచ్చుకున్నా తెలుగులో అప్పే. ఇంగ్లీషులో ఇచ్చేది లెండ్, పుచ్చుకునేది బారో. ఈ రెండూ తారుమారైతే బాకీదారే షావుకారైపోతాడు. బై–సెల్, టీచ్–లెర్న్ కూడా ఈ కోవవే: ఒకే వ్యవహారాన్ని రెండు వైపుల నుంచి చెబుతాయి. డెడ్–అలైవ్ వేరే రకం, వాటికి నడిమి మెట్టు లేదు. హాట్–కోల్డ్ మధ్యనో, గోరువెచ్చన ఉంది. అందుకే ‘నాట్ హాట్’ అన్నంత మాత్రాన కోల్డ్ అయిపోదు. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మాట ముందు అన్, ఇన్, డిస్ తగిలించడం ఇంకో పద్ధతి. ఈ ఇన్ అనేది పి, బి, ఎమ్ ముందు ఇమ్ అవుతుంది, ఎల్ ముందు ఇల్, ఆర్ ముందు ఇర్: ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్. న్యాయం–అన్యాయం, ఉచితం–అనుచితం తెలిసినవారికి ఇది కొత్త కాదు. సంస్కృతంలోని అ, అన్‌లకూ, ఇంగ్లీషు అన్‌కూ, లాటిన్ ఇన్‌కూ మూలం ఒకటే. అలాగని ‘ఇన్’ కనబడగానే వ్యతిరేకం అనుకోకూడదు. పెట్రోలు ట్యాంకర్ల మీద రాసే ఇన్‌ఫ్లేమబుల్‌కు అర్థం తేలిగ్గా అంటుకునేది అనే. ఫ్లేమబుల్ అన్నా అదే. ఇన్‌వేల్యుబుల్ అంటే విలువ కట్టలేనంత గొప్పది. విలువ లేనిది వర్త్‌లెస్.

వ్యతిరేక పదాన్ని యాంటనిమ్ అనడం 1867లో సి. జె. స్మిత్ పుస్తకంతో మొదలైంది. అంతకు ముందే, 1852లో, పీటర్ మార్క్ రోజే తన థెసారస్‌లో ఎదురెదురు భావాలను పక్కపక్క వరుసల్లో పేర్చాడు. నేటి నిఘంటువుల్లోనూ ఒక మాటకు ఎన్ని అర్థాలుంటే అన్ని చోట్ల వేర్వేరు వ్యతిరేకాలు ఇస్తారు. మొదటిది చూసి పుస్తకం మూసేస్తే లాభం లేదు. కింది ఉదాహరణ వాక్యం చదవాలి. పోటీ పరీక్షల్లో నాలుగు జవాబుల మధ్య సమానార్థకాన్ని కూడా ఇరికిస్తారు, తొందరపడేవారు దాన్నే గుర్తిస్తారు.

ఇక పదబంధాల్లో అప్, డౌన్‌లను నమ్మడానికి లేదు. రేడియో శబ్దానికి టర్న్ అప్, టర్న్ డౌన్ సరిగ్గా ఎదురెదురు. ఉద్యోగం ఇస్తామంటే వద్దనడం కూడా టర్న్ డౌన్. దానికి ఎదురు మాత్రం యాక్సెప్ట్. చొక్కా విషయంలో టేక్ ఆఫ్‌కు ఎదురు పుట్ ఆన్, విమానం విషయంలో ల్యాండ్. దరఖాస్తు ఫారం దగ్గర ఫిల్ ఇన్ అన్నా ఫిల్ అవుట్ అన్నా చేసే పని ఒకటే, నింపడం.