వార్తల్లో పదం: ప్రొవెనెన్స్

విదేశీ మ్యూజియాల నుంచి మన విగ్రహాలు తిరిగొస్తున్నాయన్న వార్తల్లో ‘ప్రొవెనెన్స్’ అనే మాట తరచూ కనిపిస్తోంది. ఒక కళాఖండం ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, దేశం ఎప్పుడు, ఎలా దాటింది అని చెప్పే పూర్వాపరాల చిట్టా అది. ఇంటిస్థలానికి లింకు డాక్యుమెంట్ల లాంటిది.

దర్యాప్తు అధికారులు అమ్మకం రసీదులు, ఎగుమతి అనుమతులు, పాత ఫొటోలు సరిచూస్తారు. కళాఖండాల అక్రమ రవాణాపై యునెస్కో ఒడంబడిక 1970లో వచ్చింది. అందుకే అంతకుముందే వస్తువు దేశం దాటిందని చూపడానికి స్మగ్లర్లు దొంగ పత్రాలు పుట్టిస్తారు. ఆ అబద్ధాన్ని ఒక్క పాత ఫొటో బయటపెట్టగలదు.

ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి చోరీ అయిన సున్నపురాతి శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొంది. అసలు పూర్వాపరాలు తేలాక 2016లో భారత్‌కు అప్పగించింది.

1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. కొండపల్లిలో తాతల నాటి కొయ్యబొమ్మ అయినా, ఊరి గుడిలో విగ్రహమైనా సరే, ఇవాళే ఫొటో తీసి కొలతలు, తేదీ రాసిపెట్టుకోవాలి. రేపు పోయినా అది మనదేనని చెప్పే సాక్ష్యం అదే.