దుర్గం నీడ నుండి సముద్ర స్నానానికి

మా మెట్ట ప్రాంతం వారికి సముద్రం ఏడాదికొకమారు దర్శించే దైవం. కార్తీక పూర్ణిమకు ఆత్మకూరు వారు నెల్లూరు మీదుగా మైపాడుకు, ఉదయగిరి వారు వింజమూరు, కలిగిరి, కావలి దాటి తుమ్మలపెంటకు తరలిపోతారు. అటువంటి ఒక బృందంతో నేనూ తుమ్మలపెంట వెళ్ళాను.

దారి పొడవునా రాతిసీమ. ఉదయగిరి దుర్గపు నిట్టనిలువు బండలు వెనుకబడగానే వింజమూరు పరిసరాలలో నల్లని శిలలు తలచూపుతాయి. వందకోట్ల ఏండ్లకు పూర్వమే అగ్నిపర్వతపు లావా గడ్డకట్టి, భూగర్భపు వేడిమికి రూపు మారిన శిలలవి. భూగర్భ శాస్త్రంలో ఆ శిలావర్గానికి వింజమూరు పేరే స్థిరపడినది. తీరం చేరితే మాత్రం గులకరాయైనా అగుపించదు. ఇసుక, సరుగుడు తోటలు, మేకగిట్టల వంటి ఆకులతో పాకే బాలబంద తీగ, ఆపైన అదుపులేని కడలి.

బావులలో, చెరువులలో ఈత నేర్చిన మనవారికి ఇచటనే ప్రమాదం. అలలు విరుగుతున్న చోట భయపడి, నురుగు లేక నిమ్మళంగా కనిపించే సందును స్నానానికి ఎన్నుకుంటారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పరుగెత్తే దారి తరచు అదే! మా బృందంలోని ఇద్దరు యువకులు అటు నడువబోగా వల సరిచేసుకొంటున్న ఒక వృద్ధ మత్స్యకారుడు కేక వేసినాడు: “అబ్బయ్యా, ఆ సందులోకి పోబాకండి, లాక్కపోద్ది!” వారు వెనుదిరిగినారు. అట్టి ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదరాదు. తేలుతూ, చేయి ఎత్తి పిలుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు జరుగవలెను. చేతులతో నదిని ఈదరాదని వాగ్భటుడు అష్టాంగహృదయంలో హెచ్చరించినాడు. కడలి సంగతి చెప్పవలెనా? మోకాటి లోతు దాటని మునకకు పుణ్యమేమీ తరుగదు.

భోజనమైన వెంటనే, అజీర్ణం, అతిసారం, పీనస, చెవి రోగాలు ఉన్నప్పుడు స్నానం తగదని కూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. కనుక పులిహోర మూటలు స్నానానంతరమే విప్పండి. పిదప మంచినీటితో ఉప్పు కడిగి, చెవులు పొడిగా తుడుచుకొనవలెను.

జెల్లీ చేప తాకి మంట పుడితే ఇసుకతో రుద్దరాదు, మంచినీరు పోయరాదు. పసుపు, సున్నం పట్టించే అలవాటును ఇచట నేను సమర్థించను. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకొన్న పోగులను పుల్లతో తొలగించి, ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో ఇరువది నిమిషాలు ఉంచండి. ఊపిరి ఆడకున్నా, ముఖం వాచినా ఆలస్యం చేయక కావలి ఆసుపత్రికి తరలించండి.