నేటి కూడు, నేటి అప్పు

మా కె.కోటపాడు వైపు చెరకు వేసే రైతుకు అప్పు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. ముచ్చెలకు అప్పు, ఎరువుకు అప్పు, గానుగ దగ్గర కూలీలకు అప్పు. అనకాపల్లి బజారులో బెల్లం దిమ్మలు తూకం వేస్తే గాని ఆ లెక్క తేలదు. అందుకేనేమో, బైబిలులో నా మనసుకు మొదట పట్టిన మాట 'ఋణము'.

యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన మత్తయి సువార్తలోనూ వుంది, లూకా సువార్తలోనూ వుంది. లూకా 'పాపములు' అన్నచోట మత్తయి 'ఋణములు' అంటాడు. దానికి ముందున్న మనవి, ఏనాటి కూడు ఆనాటికి దయచేయమని. కూడు పక్కనే అప్పు! రెండూ రోజూ అడగవలసినవే కాబోలు.

యీ సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మాకు దగ్గరలోని విశాఖపట్నంలోనూ జరిగింది. లండన్ మిషనరీ సంఘం పంపగా క్రాన్, దెగ్రాంజి అనే యిద్దరు 1805లో అక్కడికి వచ్చారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు అనువాదంలో తోడ్పడ్డాడు. క్రాన్ 1809లోనూ, దెగ్రాంజి 1810లోనూ కాలం చేశారు. మూడు సువార్తలు శ్రీరాంపురంలో అచ్చయినది 1812లో. విత్తిన వారు పంట చూడలేదన్నమాట.

మా అమ్మ పొయ్యి రాజేసే ముందు దీపం దగ్గర కూర్చుని రోజూ కొంత బైబిలు, దానితోపాటు 'ఎడారిలో సెలయేర్లు'లో ఆనాటి పుట చదివేది. జపానులో మిషనరీగా పనిచేసిన చార్లెస్ కౌమన్ జబ్బుపడి అమెరికాకు తిరిగి వెళ్ళాడు. ఆయన మంచం పక్కన తనకు ఊరట యిచ్చిన మాటలను ఆయన భార్య ఏరి కూర్చి, 1925లో రోజుకొక భాగంగా ప్రకటించిన పుస్తకానికి తెలుగు అది. చిన్నప్పుడు నేను తరువాతి పుట తిప్పబోతే అమ్మ నా చెయ్యి పట్టుకునేది.

"రేపటిది రేపేరా, నాన్నా!"

ఆ మాట లోతు నాకు తెలిసింది పెళ్ళాం, బిడ్డలు వచ్చాక. నాన్న పోయిన తరువాత నేనూ మా తమ్ముడూ ఉమ్మడిగా సాగు చేసేవాళ్ళం. ఒక ఏడు బెల్లం అమ్ముకొచ్చే పని నాపై పడింది. వచ్చిన సొమ్ములో 3,000 రూపాయలు దాచి, మిగిలినదే తమ్ముడికి లెక్క చెప్పాను. అప్పటికి మాకు తిండికి లోటు లేదు. 'వచ్చే ఏడు అమ్మాయి చదువుకు ఎలాగా?' అన్న భయమే ఆ పని చేయించింది.

ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున అమ్మ నిర్గమకాండంలో మన్నా కథ చదువుతోంది. అడవిలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఏ రోజు తిండి ఆ రోజే కురిపించాడు. కొందరు నమ్మకం చాలక మర్నాటికి దాచుకున్నారు. అది పురుగుపట్టి కంపుకొట్టింది. వింటూ వుంటే పెట్టెలోని నా 3,000 గుర్తుకు వచ్చాయి. పాపం అంటే హత్యలూ, దొంగతనాలూ అనుకునేవాణ్ణి. రేపటిని దేవుడికి వదలలేని భయమే నన్ను నేడు దొంగను చేసిందని అప్పుడు తెలిసింది.

అయినా నోరు పెగల్లేదు. మూడు ఆదివారాలు గుడికి వెళ్ళి కానుక వేసి వచ్చాను. బలిపీఠం దగ్గర అన్నదమ్ముడి మనస్తాపం గుర్తుకు వస్తే, కానుక అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడాలని మత్తయి సువార్త అయిదవ అధ్యాయం చెబుతుంది. నాలుగో ఆదివారం గుడి మెట్ల దగ్గరనుంచే వెనుదిరిగి తమ్ముడి యింటికి వెళ్ళాను.

వాడు డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. "నువ్వేనా, అన్నయ్యా?" అన్నాడు. అంతే. నేను వూహించుకున్నట్టు వాడు కౌగిలించుకోనూ లేదు, ఏడవనూ లేదు. ఆరు నెలలు మా గుమ్మం తొక్కలేదు. తప్పు ఒప్పుకున్న వెంటనే అంతా చక్కబడుతుందని దేవుడు నాకు మాట యివ్వలేదు గదా! అమ్మ మాత్రం రోజూ తన పుట తాను చదువుకుంటూ, యిద్దరి పేర్లూ చెప్పి ప్రార్థించేది.

మళ్ళీ గానుగ ఆడే రోజులు వచ్చాయి. ఒక పొద్దున్న తమ్ముడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బండి కడతావేటి? ఈసారి తూకానికి నేనూ వస్తాను."

ఆ మాట గుచ్చుకుంది. అయినా న్యాయమైనదే. క్షమించడం వేరు, నమ్మడం వేరు. పోయిన నమ్మకం దిమ్మ దిమ్మకూ తూచి తిరిగి సంపాదించుకోవాలి. ఆ రోజు కాటా దగ్గర అంకెలన్నీ వాడిచేతనే రాయించాను. తరువాత మూడేళ్ళూ అలాగే చేశాం. నాలుగో ఏడు వాడు, "నాకు పొలంలో పనుంది, నువ్వెళ్ళి రా" అన్నాడు.

అమ్మ యిప్పుడు లేదు. అంచులు నలిగిన ఆ పుస్తకం నా దగ్గర వుంది. అమ్మాయి చదువూ ఎలాగో ఒడ్డెక్కింది, ఏ ఏటి ఫీజు ఆ ఏడే సమకూడింది. యిప్పటికీ కొన్ని పొద్దులు భయం వేస్తుంది. అప్పుడు ఆనాటి పుట చదివి, ఎవరికైనా బాకీ వున్నానేమో చూసుకుని, పుస్తకం మూసేస్తాను. తరువాతి పుట తిప్పను.