ఇంటి పన్ను, కారు రిజిస్ట్రేషను, ఓటు: టెక్సాసులో ఒకే కచేరి

మన పట్టణములలో ఇంటి పన్ను చెల్లించుటకు పురపాలక సంఘమునకు పోదుము. మోటారు వాహనము రిజిస్ట్రేషనుకై రవాణా శాఖ వాకిట నిలుతుము. ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకొనుటకు తహసీల్దారు కచేరిని ఆశ్రయింతుము. మూడు పనులకు మూడు చోట్లు. అమెరికాలోని హ్యూస్టను నగరములో స్థిరపడిన మా పూర్వ విద్యార్థి యొకరు సెలవులలో మమ్ము చూడవచ్చి, అచ్చట ఈ మూడింటికిని ఒకే అధికారి యని చెప్పినపుడు మాకు వింతగా తోచినది. హ్యూస్టను, డల్లాసు పరిసరములలో తెలుగు కుటుంబములు విస్తారముగా ఉన్నవి. మన విద్యార్థులును కొందరు ఆ దిక్కునకు పోవుచున్నారు. కనుక ఈ విషయమును కొంత వివరింతుము.

టెక్సాసు రాష్ట్రములో 254 కౌంటీలు కలవు. కౌంటీ యనగా రమారమి మన జిల్లా వంటిది. అయితే అచ్చటి ముఖ్యాధికారులలో పలువురిని ప్రజలే ఎన్నుకొందురు. వారిలో ఒకరు టాక్స్ అసెసర్-కలెక్టర్. ఈ పేరు విని మన జిల్లా కలెక్టరును ఊహింపరాదు. ఈయన ఓటర్లు నాలుగేండ్ల కొకసారి ఎన్నుకొను పన్నుల అధికారి.

పేరులో 'అసెసర్' అని యున్నను, ఇండ్లకు విలువ కట్టునది ఈయన కాదు. 1979 నాటి శాసనము ఆ పనిని ప్రత్యేక మదింపు సంస్థలకు అప్పగించినది. పన్ను రేటు నిర్ణయించునది పాఠశాల మండలి, నగరపాలక సంఘము, కౌంటీ మున్నగునవి. ఆ రాష్ట్రములో వ్యక్తుల ఆదాయముపై రాష్ట్ర పన్ను లేదు. అట్టి పన్ను విధింపరాదని 2019 లో రాజ్యాంగమునే సవరించుకొనిరి. అందుచేత బడుల భారములో పెద్ద భాగము ఇంటి పన్నుపై పడినది. విలువ కట్టినవారు వేరు, రేటు వేసినవారు వేరు. కోపము మాత్రము వసూలు చేయువానిపై. సమను తెచ్చిన బంట్రోతును తిట్టినట్లు!

జనవరి 1 నాటి విలువ పన్నుకు ఆధారము. విలువను తెలుపు నోటీసు వసంతకాలమున వచ్చును. అది అధికమని తోచినచో సాధారణముగా మే 15 లోగా అభ్యంతరము తెలుపవచ్చును. బిల్లులు అక్టోబరు నుండి బయలుదేరును. జనవరి 31 కడపటి గడువు. ఫిబ్రవరి 1 తెల్లవారుసరికి ఆ బిల్లు బకాయి.

మా విద్యార్థికి తగిలిన దెబ్బ ఇచ్చటనే. ఇంటిపై అప్పు ఉన్నంత కాలము బ్యాంకువారే నెలసరి వాయిదాతోపాటు పన్ను సొమ్మును రాబట్టి చెల్లించుచుండిరి. అప్పు తీరినది; సంతోషములో పన్ను సంగతి మరచినాడు. బిల్లు పాత చిరునామాకు పోయినది. బిల్లు అందలేదను మాట అచ్చటి చట్టము దృష్టిలో సాకు కాదు. 8,000 డాలర్ల పన్ను అనుకొందము. ఫిబ్రవరిలో చెల్లించినచో జరిమానా, వడ్డీ కలిపి 7 శాతము, అనగా 560 డాలర్లు అదనము. జులై వరకు తాత్సారము చేసినచో 18 శాతము. దానిపై న్యాయవాది వసూలు ఖర్చుల కని 20 శాతము వరకు వేయవచ్చును. మొత్తము 11,328 డాలర్ల దాకా పోవును. అప్పటికిని కట్టనిచో దావా, తుదకు ఇంటి వేలము. వేలములు నెలలో మొదటి మంగళవారమున జరుగును. నివాస గృహమైనచో రెండేండ్లలోగా విడిపించుకొనవచ్చును గాని, కొన్నవానికి మొదటి సంవత్సరము 25 శాతము, రెండవ సంవత్సరము 50 శాతము అదనముగా ఇచ్చుకొనవలెను. మా విద్యార్థి ఫిబ్రవరిలోనే మేల్కొని బయటపడినాడు.

స్వయముగా నివసించు ఇంటికి రాయితీ కలదు. పాఠశాల పన్ను లెక్కకు ఇంటి విలువలో తగ్గించు మొత్తమును 2023 లో 1 లక్ష డాలర్లకును, 2025 లో 1 లక్షా 40 వేల డాలర్లకును పెంచిరి. అయితే దీనికి దరఖాస్తు పెట్టుకొనవలెను. డ్రైవింగు లైసెన్సుపై ఆ ఇంటి చిరునామాయే ఉండవలెను. 65 ఏండ్లు నిండినవారు పన్నును వాయిదా వేయించుకొనవచ్చును. దానిపై ఏటా 5 శాతము వడ్డీ పెరుగుచుండును. ఈ రాయితీలు ఎరుగక పూర్తి పన్ను చెల్లించువారు మనవారిలోను ఉన్నారట.

ఇక కారు సంగతి. మన రాష్ట్రములలో సొంత కారుకు జీవితకాలపు పన్ను ఒకేసారి చెల్లించి, రిజిస్ట్రేషను 15 ఏండ్ల పిదప పునరుద్ధరించుకొందుము. టెక్సాసులో అది ఏటేటి పని. సాధారణ కారుకు మూల రుసుము 50.75 డాలర్లు, ఆపై కౌంటీ రుసుములు. బీమా ఉన్నట్లు రుజువు కావలెను. వాహన భద్రతా పరీక్షను 2025 జనవరి 1 నుండి తీసివేసిరి గాని, హ్యూస్టను వంటి పెద్ద నగరములున్న కౌంటీలలో పొగ పరీక్ష తప్పదు. రుసుము చెల్లించినచో ఒక చిన్న చీటీ ఇత్తురు. దానిని ముందరి అద్దమునకు లోపలి వైపున అతికించవలెను. కొన్ని కిరాణా దుకాణములలోను ఈ చీటీ దొరకునట!

ఒకే కచేరి యగుటచే సౌకర్యముతోపాటు అధికారి చేతికి ఒక పట్టు చిక్కినది. కౌంటీకి జరిమానా గాని రుసుము గాని పన్ను గాని బకాయి పడినవాని కారు రిజిస్ట్రేషనును నిరాకరింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. ఒక్క ఏడాదిలో వంద సార్లకు పైగా టోలు ఎగవేసి నోటీసులను లక్ష్యపెట్టనివారికిని ఇదే గతి పట్టవచ్చును. కారు లేనిదే పాలు కూడ తెచ్చుకొనలేని దేశములో ఈ చీటీ ఆపుట సామాన్య శిక్ష కాదు.

ఓటు ఈ కచేరికి ఎట్లు చేరినది? 1902 లో టెక్సాసువారు రాజ్యాంగమును సవరించి, తల పన్ను కట్టినవారికే ఓటు హక్కు అనిరి. ఆ పన్ను 1.75 డాలర్ల వరకు ఉండెను. కూలికి ఆనాడు అది చిన్న సొమ్ము కాదు. పేదలు, ముఖ్యముగా నల్లజాతివారు, మెక్సికను సంతతివారు ఎన్నికలకు దూరమైరి. దానిని కూడ జనవరి 31 లోగా ఈ కలెక్టరుకే చెల్లించవలసియుండెను. ఆయన ఇచ్చిన రసీదే ఓటు చీటీ. (రసీదు, వసూలు, బకాయి, జప్తు - పన్నుల తెలుగులో సగము మన ఉర్దూ శాఖ మిత్రులకు చిరపరిచితమే.) 1964 నాటి 24వ సవరణ జాతీయ ఎన్నికలలో తల పన్నును నిషేధించినది. రాష్ట్ర ఎన్నికలకు టెక్సాసు దానిని విడువలేదు. 1966 లో ఫెడరల్ న్యాయస్థానము కొట్టివేసినది. పన్ను పోయినను ఓటర్ల నమోదు మాత్రము, వేరు ఏర్పాటు లేని కౌంటీలలో, ఆ అధికారి వద్దనే నిలిచినది. హ్యూస్టను ఉన్న హారిస్ కౌంటీలో ఎన్నికలకు ప్రత్యేకాధికారిని నియమించుకొనిరి గాని, 2023 నాటి రాష్ట్ర శాసనము ఆ పదవిని రద్దు చేయగా నమోదు పని మరల పన్నుల కచేరికే వచ్చినది. మా విద్యార్థి అమెరికా పౌరసత్వము పొందిన పిదప ఓటరు దరఖాస్తును ఇచ్చినది ఆ కచేరిలోనే. దానికి రుసుము ఏమైన కట్టవలెనా యని అడుగగా, అచ్చటి గుమాస్తా నవ్వి, లేదని చెప్పినదట.