ఏ జాబుకు ఈ జవాబు?

పర్చూరు రైతు ఒకడు మిరపకాయలు అమ్మదలచి, గుంటూరు మిర్చి యార్డులోని కమీషను వ్యాపారికి 1వ తేదీన జాబు రాశాడనుకోండి. పది రోజులైనా జవాబు లేదు. 11వ తేదీన అదే జాబు మళ్ళీ వేశాడు. 13వ తేదీన జవాబు వచ్చింది. పిల్లలూ, అది ఏ జాబుకు జవాబు? మొదటిదానికైతే పన్నెండు రోజులు పట్టిందన్నమాట. రెండవదానికైతే రెండే రోజులు!

కంప్యూటర్లకూ ఇదే చిక్కు. అవి సమాచారాన్ని చిన్న చిన్న మూటలు కట్టి పంపుతాయి. వీటినే ప్యాకెట్లంటారు. మూట చేరగానే అవతలి కంప్యూటరు "ముట్టింది" అని కబురు చేస్తుంది. కబురు రాకపోతే మూటను మళ్ళీ పంపాలి. అయితే ఎంతసేపు ఎదురుచూడాలి? మరీ ఎక్కువసేపు చూస్తే పని ఆలస్యమవుతుంది. మరీ తొందరపడితే, పోని మూటలే మళ్ళీ బయలుదేరి దారి కిక్కిరిసిపోతుంది.

1986 అక్టోబరులో అమెరికాలో అలాగే జరిగింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనున్న విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలే. సెకనుకు 32,000 బిట్లు నడిచే ఆ దారిలో 40 బిట్లు మాత్రమే నడిచాయి! తొందరపడి మళ్ళీ పంపటం అందుకు ఒక కారణమని వాన్ జాకబ్సన్ కనిపెట్టాడు.

కనుక జవాబు రావటానికి పట్టే కాలాన్ని సరిగా కొలవాలి. రెండుసార్లు పంపిన మూటల జవాబులను లెక్కలోకే తీసుకోవద్దని 1987లో ఫిల్ కార్న్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ చెప్పారు. 1992లో జాకబ్సన్, బ్రేడెన్, బోర్మన్ మరో ఉపాయం ప్రకటించారు: ప్రతి మూటమీదా బయలుదేరిన వేళ వేయాలి, అవతలివారు ఆ వేళనే జవాబులో తిరిగి రాయాలి. "మీ 11వ తేదీ జాబు అందినది" అని వ్యాపారి రాస్తే, రైతుకు ఇక సందేహమేముంది? ఇద్దరి గడియారాలూ కలవనవసరం లేదు. పంపినవాడి గడియారం వెనక్కు నడవకుంటే చాలు.

ఇందులో ఒక మెలకువ ఉంది. రైతు పాత జాబుకు నకలు తీసి, 1వ తేదీ అలాగే ఉంచి పంపితే, రెండు రోజుల ప్రయాణం పన్నెండు రోజులుగా కనిపిస్తుంది! అందుకే కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, మూటను మళ్ళీ పంపినప్పుడల్లా వేళను కొత్తగా వేస్తుంది. సరుకు పాతదే, వేళ మాత్రం కొత్తది.

మీ నాన్నగారు సెల్‌ఫోనులో మిర్చి ధర చూసేటప్పుడు, లోపల ఈ లెక్కంతా రెప్పపాటులో జరిగిపోతుంది.